బురదకు పనికొచ్చే సైకిల్

బస్సు కిటికీలు మూసుకున్న రోజు నుంచి నాకు చలికాలం లెక్క. మిగతా కాలాల్లో నన్నెవరూ పట్టించుకోరు. అద్దాలు తెరిచి ఉంటాయి, గాలి ఇటు నుంచి అటు పోతుంది, నా వాసన కూడా దాంతోపాటే పోతుంది. చలి మొదలై అద్దాలు బిగించారంటే మాత్రం, ఎంత కిక్కిరిసిన బస్సులోనైనా నా చుట్టూ మూరెడు జాగా ఖాళీ అవుతుంది.

నేను చేపల గిడ్డంగిలో కోత విభాగంలో పనిచేస్తాను. రేవు నుంచి లారీల్లో వచ్చిన చేపల్ని పొలుసు గీకి, పొట్ట చీల్చి, పేగులు లాగి, ముక్కలు కోసి ఐసు పెట్టెల్లో సర్దడం మా పని. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు మోకాళ్ల దాకా బూట్లు, మెడ నుంచి కిందిదాకా ప్లాస్టిక్ గౌను. పనయ్యాక సబ్బుతో తోముకుంటాం, నిమ్మచెక్కతో రుద్దుకుంటాం, బట్టలు మార్చుకుంటాం. ఏం లాభం? చేప వాసన గోళ్ల సందుల్లో, జుట్టు కుదుళ్లలో కాపురం పెట్టేసి ఉంటుంది.

ఆ ఏడు చలి తొందరపడి వచ్చింది. పొద్దున్నే రోడ్డు గుంటల్లో నీళ్ల మీద పలచగా మంచు పెంకు కట్టేది. బస్సులో ఊపిరి ఆవిరంతా అద్దాలకు పట్టి, చారలు చారలుగా కారి కింద మడుగు కట్టేది. ఆ బస్సులో వాసన లేని మనిషెవరో నాకు చూపించండి. తడిసిన ఉన్ని కోట్లు, పెట్టెలోంచి తీసిన స్వెట్టర్లకు అంటిన కలరా ఉండలు, జలుబు మందు, ఎవరిదో అరగని తేన్పు, ఎవరి బిడ్డో కక్కుకుంటే తుడవకుండా వదిలేసిన మరక. అన్నీ కలిసి ఉడుకుతుంటాయి. పేరు మాత్రం నాకొస్తుంది.

"ఇది బస్సా, చేపల బండా?" అని ఒక పెద్దమనిషి కండక్టరు మీద అరిచాడు ఒకరోజు.

"మీ ఇంటికి చేపలు నడుచుకుంటూ వస్తాయాండీ?" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టరు నవ్వలేదు. "అమ్మా, నువ్వు వెనక తలుపు దగ్గర నిలబడు. ఊరికే గొడవెందుకు?" అన్నాడు. ఆ తలుపు సరిగా పడదు. సందులోంచి వచ్చే గాలి చెవిలో దూరి మెదడు తాకి వస్తుంది. అయినా అక్కడే నిలబడ్డాను. అప్పటిదాకా నాకు కోపమే తప్ప అసహ్యం లేదు.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, ఆయన తల్లి. మా ఆయన ఊరి నడిబొడ్డున ఒక పెద్ద బట్టల కొట్టులో సేల్స్‌మాన్. కోట్లు, సూట్లు అమ్ముతాడు. నలగని చొక్కా, మెడకు టై, పంచదార పలుకులు. కోటు తొడుక్కున్న ప్రతివాడితోనూ "మీకోసమే కుట్టినట్టుంది సార్" అంటాడు. నేను ఇంటికి రాగానే బూట్లూ సంచీ మెట్ల కింద పెట్టి, తిన్నగా స్నానానికి పోవాలి. స్నానం కాకముందు గ్లాసు ముట్టుకున్నా ఆయన ముక్కు చిట్లించేవాడు. శుభ్రం మంచిదే కదా అనుకునేదాన్ని. మా వేళలు కలవవు కాబట్టి ఇద్దరం ఒక బస్సులో ఎక్కడమంటూ జరిగేది కాదు.

ఒక సాయంత్రం జరిగింది. వాన పడుతోంది, మా గిడ్డంగిలో ఆలస్యమైంది. కాళ్లు పీకుతున్నాయి. వెనక తలుపులోంచి ఎక్కి, కమ్మీ పట్టుకుని తలెత్తితే, ముందు సీట్లో మా ఆయన. పక్కన మెడలో కొలత టేపు తీయడం మరచిపోయిన ఒక పెద్దాయన. వాళ్ల కొట్టు టైలరు మాస్టారని టేపు చూసి పోల్చుకున్నాను. మా ఆయన మాటల్లో ఆయన గురించి చాలా విన్నాను గానీ మనిషిని చూడటం అదే మొదటిసారి. నాకు నిజంగా సంతోషమేసింది. దిగాక ఇద్దరం ఒక గొడుగులో నడిచి వెళ్లొచ్చు కదా అనుకున్నాను. "ఏమండీ" అని పిలవబోయాను.

"అబ్బబ్బా, ఏమిటయ్యా ఈ కంపు? ప్రాణం పోయేట్టుంది!" అన్నాడు టైలరు, వెనక్కి తిరిగి నన్ను చూస్తూ.

మా ఆయనా తిరిగాడు. నన్ను చూశాడు. నేనేం ముసుగు వేసుకుని లేను. మా ఇద్దరి కళ్లూ కలిశాయి. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"రోజూ ఇదే ఖర్మ మాస్టారూ. ఇలాంటివాళ్లని అసలు బస్సెక్కనివ్వకూడదు," అన్నాడు. అని ముందుకు తిరిగాడు.

ఆ రుమాలు పొద్దున నేను మడతపెట్టి ఇచ్చిందే. తరువాతి స్టాపులో దిగిపోయాను. మిగతా దారంతా వానలో నడిచాను.

ఇల్లు చేరేసరికి ఆయన కాళ్లు చాపుకుని వేడివేడిగా ఏదో తాగుతున్నాడు. "ఏంటింత ఆలస్యం? అమ్మ కంగారు పడుతోంది," అన్నాడు. ఆ నోటిని చూశాను. గొంతులో తడబాటు లేదు, కళ్లలో బెదురు లేదు. నేను ఏదైనా అంటానేమోనని ఒక్క క్షణం ఆగాడు. నేను తడి జుట్టు పిండుకున్నాను. అంతే, మళ్లీ గ్లాసు ఎత్తాడు.

వారానికొకసారి గిడ్డంగిలో మాకు చేప తలకాయలు ఇస్తారు. ఆ రోజు రెండు పెద్దవి తెచ్చాను. అత్తయ్య కూర వండింది. మా ఆయనకు తలకాయంటే పిచ్చి. పీట ముందుకు జరుపుకుని, కళ్ల దగ్గరి మెత్తని కండ వేలితో తవ్వి, ఎముకలు జుర్రుమని చీకి, వేళ్లు ఒక్కొక్కటే నాకి, "అబ్బ, ఏం రుచి!" అన్నాడు. గడ్డం మీద కూర కారింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పేగుల్లో చేతులు పెట్టి పనిచేసేదాన్ని, కుళ్లిన చేపల పెట్టెలు ఎత్తిపోసినదాన్ని, ఏనాడూ నా కడుపు కదల్లేదు. ఆ పూట మాత్రం దొడ్లోకి పోయి కక్కుకున్నాను.

"చలికి పడలేదేమో," అంది అత్తయ్య, వీపు రాస్తూ.

మర్నాడు పొద్దున చెప్పాను. "నేను సైకిల్ కొనుక్కుంటానండీ. ఇక బస్సు వద్దు."

ఎందుకు అని ఆయన అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మొహం మీద దీపం వెలిగించినట్టయింది. "భేషైన ఆలోచన! సైకిలంటే ఒంటికెంత మంచిదనుకున్నావు? గుండెకు మంచిది, కీళ్లకు మంచిది. నేనే దగ్గరుండి మంచిది చూస్తాను," అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సైకిల్ పురాణం మొదలైంది. ఫోను చేతిలో పట్టుకుని వీడియోల మీద వీడియోలు. చలికాలానికి టైరు ఇంత ఉండాలి, గేర్లు ఇన్ని ఉండాలి, కమ్మీ ఫలానా లోహంతో చేసి ఉండాలి. పెళ్లయ్యాక నా గురించి ఆయన అంత శ్రద్ధగా ఆలోచించడం అదే మొదలు. పక్కింటివాళ్లు చూస్తే ఎంత ప్రేమ అనుకుంటారు. నాకు మాత్రం ఆయన నోరు తెరిచినప్పుడల్లా రుమాలే కనపడేది.

మా గిడ్డంగిలో తూకం వేసే ఆవిడను అందరం కాటా అక్క అంటాం. ఎన్నో ఏళ్లుగా సైకిల్ మీదే వస్తుంది. ఆవిణ్ని అడిగాను.

"చైను బయటికి కనపడే సైకిల్ జోలికి పోకు," అంది. "మనకు ఇక్కడ ఉప్పునీళ్లు, రోడ్డు మీద బురద. రెండూ కలిస్తే చైను తుప్పుపట్టి ఇటుకపొడి రంగు తిరుగుతుంది. పైన అడ్డకమ్మీ లేనిది చూసుకో. జారినప్పుడు ముందు కాలు నేల మీద పడాలి, మూతి పడకూడదు. బ్రేకు తడిపి చూడు. ఎండలో ఏ బ్రేకైనా పడుతుంది."

ఒక సాయంత్రం పని నుంచి తిన్నగా సైకిళ్ల షాపుకు వెళ్లాను. మా ఆయన అప్పటికే వచ్చి, షాపువాడితో వియ్యంకుడిలా మాటలు కలిపి ఉన్నాడు. ఇద్దరూ నాకోసం ఒకటి తీసి పెట్టారు. సన్నని టైర్లు, వంకర హ్యాండిలు, మడ్‌గార్డులు లేవు, చైను బోసిగా మెరుస్తోంది.

"సార్ సెలక్షన్ అంటే సెలక్షనే మేడమ్! ఇదే మోడల్లో మీకు గులాబీ రంగు కూడా ఉంది," అన్నాడు షాపువాడు.

"చలికాలంలో, బురదలో తొక్కాలి బాబూ. మడ్‌గార్డు లేకపోతే వీపంతా పేడ చల్లినట్టవుతుంది," అన్నాను.

మా ఆయన నన్ను పక్కకు లాగాడు. "నీకు తెలీదు. ఇలాంటిది తొక్కితే చూసినవాళ్లు ఎక్సర్‌సైజు కోసం తొక్కుతున్నావనుకుంటారు. వెనక క్యారియరూ, ముందు బుట్టా పెట్టావంటే చేపలమ్మే మనిషనుకుంటారు."

"నేను కోసే మనిషినేగా," అన్నాను.

ఆయన టై సర్దుకున్నాడు. ఈలోగా షాపువాడు ముక్కు ఎగబీల్చి, చుట్టూ చూసి, "ఏదో వాసనొస్తోంది సార్. బయట కాలువ పొంగిందో ఏమో," అన్నాడు.

"అవునవును. నేనూ అదే అనుకుంటున్నా. కాలువే అయ్యుంటుంది," అన్నాడు మా ఆయన గబగబా.

"కాలువ కాదు. నేనే," అన్నాను. "చేపల గిడ్డంగిలో పనిచేస్తాను. ఒక చెంబుడు నీళ్లిస్తారా?"

షాపువాడి మొహం మాడిపోయింది. చేతులు కడుక్కోవడానికనుకుని నీళ్లు తెచ్చాడు. మా ఆయన గులాబీ రంగు సైకిల్ వెనక్కి పోయి, గొప్ప ఆసక్తితో పెడలు చూడసాగాడు. నేను వాళ్లు ఎంచిపెట్టిన సైకిల్ వెనక చక్రం ఎత్తి తిప్పి, తిరుగుతున్న చక్రం మీద నీళ్లు పోసి బ్రేకు నొక్కాను. చక్రం తీరిగ్గా తిరిగి తిరిగి, తనకు బుద్ధి పుట్టినప్పుడు ఆగింది.

"ఇది నన్ను తిన్నగా లారీ కిందికే తీసుకుపోతుంది," అన్నాను.

మూలన దుమ్ము కొట్టుకుని ఒకటి నిలబడి ఉంది. నాచు రంగు, వెడల్పు టైర్లు, చైను మొత్తాన్నీ కప్పేసిన రేకు డబ్బా, బరువైన క్యారియరు, చక్రం తిరిగితే వెలిగే దీపం. అడ్డకమ్మీ వంగి కిందికి ఉంది. బూట్లు వేసుకుని కూడా కాలు తేలిగ్గా అవతల పడింది. దాని చక్రం మీదా నీళ్లు పోశాను. బ్రేకు నొక్కగానే గొంతు పట్టుకున్నట్టు ఆగింది.

"దానికి బ్రేకు ఇరుసు లోపల ఉంటుంది మేడమ్, తడి తగలదు. కాకపోతే కాస్త బరువు. ఫ్యాషన్ కూడా కాదు," అన్నాడు షాపువాడు, ఈసారి మా ఆయనను కాక నన్ను చూస్తూ.

"పోస్ట్‌మాన్ సైకిల్లా ఉంది. నా పరువు తీస్తావా?" అని గొణిగాడు మా ఆయన.

నా జీతం డబ్బులతో నేనే కొన్నాను. బయటికి రాగానే ఆయన, "నువ్వు తొక్కుకుంటూ వెళ్లు, నేను బస్సులో వస్తా," అన్నాడు. మంచిదే అన్నాను.

ఆ చలికాలం ఆ సైకిల్ మీద గడిచింది. సుఖంగా గడిచిందని చెప్పను. మొదటి వారం తొడలు పుళ్లయ్యాయి. వేళ్లు కొయ్యబారి బెల్లు కూడా కొట్టలేకపోయేదాన్ని. రోడ్డు వారనే పోవాలి కాబట్టి ఊరి మురికంతా నా దారిలోనే ఉండేది. ఉమ్ములు, చీమిడి, నానిపోయిన కాగితాలు, చచ్చి ఉబ్బిన పందికొక్కులు. బస్సు పక్కనుంచి పోతూ గుంటలో నీళ్లు మొహాన కొడితే, పెదాల మీద రోడ్డు రుచి తగిలేది. తుపుక్కున ఉమ్మేసి తొక్కేదాన్ని. అయినా ఎవరి ముక్కూ నా మీద లేదు. మడ్‌గార్డులు వీపును కాపాడాయి, చైను డబ్బాలోకి బురద చుక్క పోలేదు, బ్రేకు ఒక్కసారీ మోసం చేయలేదు. కట్టుకున్నవాడికంటే అదే నయమని కాటా అక్కతో అంటే, ఆవిడ తక్కెట్లో రాయి వేయడం ఆపి నా మొహం చూసింది.

మా ఆయన కొట్టులో ఏం చెప్పుకున్నాడో నాకు తరువాత తెలిసింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాకిట్లో సైకిల్ కడుగుతున్నాను. అత్తయ్య ఎండకు గుమ్మంలో కూర్చుని ఉంది. గేటు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే టైలరు మాస్టారు. ఆ రోజు మెడలో టేపు లేదు.

"నమస్కారమమ్మా. మావాడున్నాడా?" అని మా ఆయన గురించి అడిగి, నవ్వుతూ లోపలికొచ్చాడు. "నిజానికి నేనొచ్చింది మీకోసమే. మీవారు రోజూ చెబుతుంటాడు, మా ఆవిడ ఆరోగ్యం కోసం ఇంత చలిలోనూ సైకిల్ తొక్కుతుందని. బస్సులో నిలబడలేక నాకు నడుం విరిగిపోతోంది. నేనూ ఒకటి కొందామని. ఏది మంచిదో మీరే చెప్పాలి."

ఏం చేయను? చెప్పాను. టైరు చూపించాను, చైను డబ్బా చూపించాను, కాలు ఎలా వేయాలో చూపించాను. చక్రం మీద నీళ్లు పోసి బ్రేకు నొక్కి చూపించాను. ఆయన చంటిపిల్లాడిలా వంగి వంగి చూశాడు. బుద్ధిగా ప్రశ్నలడిగాడు. మంచి మనిషే. ఉన్నట్టుండి అడగడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానమ్మా."

"బస్సులో చూశారు మాస్టారూ. వాన పడుతోంది. మీరు ముందు సీట్లో కూర్చున్నారు, నేను వెనక తలుపు దగ్గరున్నాను. తరువాతి స్టాపులో దిగిపోయాను."

చక్రం ఇంకా నీళ్లు కారుస్తోంది. ఆయనకు గుర్తొచ్చింది. ముందు మెడ, తరువాత చెవులు ఎర్రబడ్డాయి. నేను దాచి ఏం చేసుకోను? "మీ పక్కనున్నది మా ఆయనే," అన్నాను.

అప్పుడే మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "మాస్టారూ! మీరా! రండి రండి, లోపలికి రండి," అన్నాడు, కొట్టులో అనే గొంతుతోనే.

టైలరు కదల్లేదు. నాకు రెండు చేతులూ జోడించాడు. "తెలియక అన్నానమ్మా. పెద్దవాణ్ని, అనకూడని మాటన్నాను."

తరువాత మా ఆయన వైపు తిరిగాడు. "నీకు తెలుసుగా," అన్నాడు.

అంతే. గేటు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఇప్పుడైనా ఈ మనిషి ఏదైనా అంటాడేమోనని చూశాను. తప్పయిందని కాకపోయినా, కనీసం తల దించుకుంటాడేమోనని. ఆయన గేటు వైపు చూసి, నా వైపు చూసి, పళ్లు నూరాడు. "ఎవరైనా వస్తే లోపల కూర్చోవడం చేతకాదా నీకు? రేపు కొట్టులో నేను మొహమెలా చూపించాలి?"

"నువ్వు రుమాలు అడ్డం పెట్టుకో," అన్నాను.

పెళ్లయిన నాటి నుంచీ ఆయనను మీరు అనే అన్నాను. మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది, వెనక్కి తీసుకోవాలని కూడా అనిపించలేదు. ఆయనకు రుమాలు సంగతికంటే ఆ పిలుపే ఎక్కువ తగిలింది. "నువ్వా? నన్ను నువ్వంటున్నావా?" అని రెండుసార్లు అడిగి, విసవిసా లోపలికి పోయాడు.

గుమ్మంలో అత్తయ్య కదలకుండా కూర్చుని ఉంది. అంతా విన్నదని అప్పుడు గుర్తొచ్చింది. మా అత్తయ్య ఆస్పత్రిలో ఆయాగా చేసి, రోగుల మలమూత్రాలెత్తి కొడుకును చదివించిన మనిషి.

"రుమాలేంటమ్మాయ్?" అంది. చెప్పాను. తల వంచుకుని విన్నది.

"చిన్నప్పుడు బడి గేటు దాకా నన్ను రానిచ్చేవాడు కాదు," అంది. "వీధి మలుపులోనే ఆగిపొమ్మనేవాడు. ఆస్పత్రి వాసనొస్తున్నావనేవాడు. పసివాడు, తెలియదులే అనుకుని ఆగిపోయేదాన్ని. వాడి ఫీజు కట్టే రోజు కూడా మలుపులోనే నిలబడి డబ్బులు చేతికిచ్చాను."

"నాకెప్పుడూ చెప్పలేదే అత్తయ్యా?"

"చెప్పుకుంటే సిగ్గు. మింగేశాను. ఇప్పుడు నీ మొహం చూస్తుంటే నోరంతా చేదుగా ఉంది."

ఆ సాయంత్రమే నా పక్క తీసి అత్తయ్య గదిలో వేసుకున్నాను. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. ఆయన రెండు రోజులు అలిగాడు, మూడోనాడు ఆకలేసి వచ్చాడు. పని నుంచి రాగానే స్నానం చేయడం నేను మానలేదు గానీ, ముందు కూర్చుని వేడిగా ఏదైనా తాగి, అత్తయ్యతో ఆ మాటా ఈ మాటా చెప్పుకుని, ఒళ్లు వెచ్చబడ్డాకే లేస్తున్నాను. ఆయన కంచం తీసుకుని ముందు గదిలోకి పోయి తింటున్నాడు. టైలరు మాస్టారు నాలాంటి సైకిలే కొనుక్కున్నారని విన్నాను. బస్సులో మా ఆయన పక్క సీటు ఇప్పుడు ఎవరిదో నాకు తెలియదు.

ఒకటి మాత్రం ఆయన వదలలేదు. చలి తగ్గుముఖం పట్టిన ఒకరోజు, ముందు గదిలోంచే కేకేశాడు. "చేప తలకాయలు తేవడం మానేశారేంటి ఈ ఇంట్లో? నోరు చప్పబడి చస్తున్నాను."

నేను జవాబు చెప్పబోయాను. అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

"గిడ్డంగి దగ్గర అమ్ముతారట్రా," అంది కొడుకుతో. "పోయి తెచ్చుకో. బస్సులో పట్టుకురా."

ఆయన ఇంతవరకు తేలేదు.